ఫ్యూజన్ కచేరీని జనంలో కూర్చుని రికార్డు చేయడం ఎలా? వైజాగ్ అభిమానుల కోసం

వైజాగ్‌లో జాజ్ ఫ్యూజన్ (జాజ్‌తో రాక్‌నో, మన రాగాలనో కలిపి వాయించే సంగీతం) కచేరీ రోజూ దొరికేది కాదు. దొరికిన రోజున దాన్ని చక్కగా పట్టుకోవాలంటే ఖరీదైన మైకుల కంటే రెండు విషయాలు ముఖ్యం: ఎక్కడ కూర్చున్నారు, లెవెల్ (రికార్డరు శబ్దాన్ని ఎంత గట్టిగా తీసుకోవాలన్నది) ఎంత పెట్టారు. ఈ రెండూ మొదటి పాట ఎత్తుకునేలోపే తేలిపోతాయి. తర్వాత ఇంట్లో ఎంత సాఫ్ట్‌వేర్ తిప్పినా బాగుపడేది కొంతే.

ముందు అడగండి

బృందాన్నో, వాళ్ళ మేనేజర్‌నో, నిర్వాహకులనో ముందే అడిగి ఒప్పించుకోండి. వాట్సాప్‌లో ఒక్క ముక్క "సరే" అని వచ్చినా చాలు, గేటు దగ్గర బ్యాగు వెతికేవాళ్ళకు చూపించొచ్చు. మన కాపీరైట్ చట్టం (1957) 38వ సెక్షన్ కళాకారులకు తమ ప్రదర్శన మీద హక్కు ఇస్తుంది. సొంతంగా వినడానికి చేసుకునే రికార్డింగ్‌కు 39వ సెక్షన్ ఆ హక్కు నుంచి మినహాయింపు ఇస్తుంది. టికెట్ వెనక "రికార్డింగ్ నిషేధం" అని ఉంటే మాత్రం అది వేదిక వాళ్ళు పెట్టిన షరతు, మిమ్మల్ని బయటికి పంపించే అధికారం వాళ్ళకుంటుంది. ఇక యూట్యూబ్‌లో పెట్టడం, నలుగురికీ పంచడం సొంత వాడకం కిందికి రావు. బాణీ కట్టినవాళ్ళ హక్కు ఒకటి, వాయించినవాళ్ళ హక్కు ఒకటి, రెండూ అడ్డొస్తాయి. బృందం ఒప్పుకుంటే పంచండి, లేదంటే మీ దగ్గరే ఉంచుకోండి.

అడిగేటప్పుడు "రికార్డింగ్ అయ్యాక మీకో కాపీ ఇస్తాం" అనండి. చాలామంది వాద్యకారులకు తమ కచేరీ హాల్లో ఎలా వినిపించిందో తెలిసే దారి ఉండదు. అందుకే ఆ మాట బాగా పనిచేస్తుంది.

సరంజామా

ఫోను పనికిరాదు. ఫోన్లో రికార్డింగ్ యాప్ తనంతట తానే శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. డ్రమ్మర్ ఒక్క దెబ్బ కొట్టగానే కీబోర్డు కిందికి కుంగి, మళ్ళీ మెల్లగా పైకి లేస్తుంది. ఫ్యూజన్‌కు ప్రాణం ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది.

చేతిలో ఇమిడే రికార్డరు ఒకటి కావాలి. జూమ్ హెచ్1ఎన్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటివి మొదలుపెట్టడానికి చాలు. సోనీ పీసీఎం-ఎం10 తయారీ ఎప్పుడో ఆగిపోయింది గానీ, పాతది మంచి స్థితిలో దొరికితే వదలకండి. దానికి మైకు జాక్, లైన్ జాక్ విడివిడిగా ఉంటాయి. అది ఎందుకు ముఖ్యమో కింద చెబుతాం. ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు) మైకులు వాడేవాళ్ళకు జూమ్ ఎఫ్3 ఉంది. అది 32 బిట్ ఫ్లోట్‌లో (చాలా మెత్తటి, చాలా గట్టి శబ్దాలు రెండూ పట్టే ఫైలు రకం) రికార్డు చేస్తుంది, లెవెల్ బెడద లేదు.

రికార్డరు ఒంటి మీదున్న మైకులతోనూ పని జరుగుతుంది. కాకపోతే రికార్డరును చేత్తో పట్టుకోకూడదు, వేలు కదిలినప్పుడల్లా గరగర వస్తుంది. చొక్కా కాలరుకో, టోపీకో తగిలించుకునే చిన్న మైకుల జత కొనుక్కుంటే మేలు. కొనేటప్పుడు గట్టి శబ్దం తట్టుకుంటుందా అని చూడండి. డీపీఏ వాళ్ళ 4060, 4061 చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 4061 సున్నితత్వం సుమారు 10 డీబీ తక్కువ. మెత్తటి వీణ కచేరీకి 4060 బాగుంటుంది, డ్రమ్స్‌తో హోరెత్తే ఫ్యూజన్‌కు 4061 నయం. అంత పెట్టలేకపోతే తక్కువ ధరలో దొరికే చిన్న కండెన్సర్ మైకుల జతతో కూడా వినదగ్గ రికార్డింగ్ వస్తుంది.

కార్డు 32 జీబీది చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైలు గంటకు ఒక జీబీ పైచిలుకు తింటుంది. ఎంపీ3లో రికార్డు చేయకండి. బ్యాటరీలు కొత్తవి వేసి, ఇంకో జత జేబులో పెట్టుకోండి. రీఛార్జి సెల్సు వాడితే మెనూలో ఆ రకాన్ని ఎంచుకోవాలి, లేకపోతే బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతుంది. పవర్ బ్యాంకుతో ఇంకో చిక్కుంది. రికార్డరు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ముందురోజు ఇంట్లో మూడు గంటలు నడిపి చూస్తే తెలిసిపోతుంది.

మీటరు బాగానే ఉన్నా శబ్దం ఎందుకు పగులుతుంది

కొత్తవాళ్ళను ఎక్కువ ఏడిపించేది ఇదే. మీటరు -12 డీబీ (పై హద్దు సున్నా) దాటలేదు, ఎర్ర లైటు వెలగలేదు. ఇంటికొచ్చి వింటే బేస్ గిటార్ పలికినప్పుడల్లా శబ్దం చిరిగిన గుడ్డలా ఉంటుంది. రెండు చోట్ల ఇది జరగొచ్చు.

మొదటిది మైకు. చిన్న మైకులకు రికార్డరు మైకు జాక్ నుంచి రెండు మూడు వోల్టుల కరెంటు అందుతుంది. మామూలు మాటలకు అది సరిపోతుంది. శబ్దం 100 డీబీ దాటి, దానికి తోడు బేస్ వచ్చిపడితే మైకు లోపలి చిన్న యాంప్లిఫయరుకు ఆ వోల్టేజీ చాలదు, అలల తలలు అక్కడే తెగిపోతాయి. మందు బ్యాటరీ బాక్సు: 9 వోల్టుల బ్యాటరీ, రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు ఉన్న చిన్న డబ్బా. మైకులు దానికి, అది రికార్డరుకు. ఇది తగిలించినప్పుడు రికార్డరు మెనూలో ప్లగిన్ పవర్ (రికార్డరు మైకులకిచ్చే కరెంటు) ఆపేయాలి.

రెండోది రికార్డరు మైకు జాక్ వెనకున్న ప్రీయాంప్, అంటే మైకు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే భాగం. లెవెల్ చక్రం దాని తర్వాత ఉంటుంది కాబట్టి, చక్రం తగ్గించినా అప్పటికే జరిగిన నష్టం పోదు. గుర్తు పట్టడం తేలిక: సరైన లెవెల్ కోసం చక్రాన్ని పదిలో రెండుకు, ఒకటికి దించాల్సి వస్తోందంటే ప్రీయాంప్ మునిగిపోయినట్టే. బ్యాటరీ బాక్సు నుంచి వైరును, ఆ ప్రీయాంప్‌ను తప్పించే లైన్ జాక్‌లో పెట్టండి. గట్టి కచేరీకి ఆ దారిలో సరిపడా సిగ్నల్ వస్తుంది. మాండలిన్, తబలా, ఘటం లాంటి మెత్తటి వాద్యాల కచేరీకి చాలదు, అప్పుడు మైకు జాకే దిక్కు. ఫ్యూజన్ అంటే ఈ రెండు రకాలూ ఉన్నాయి. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాలిన్ ఒక్కడే మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు చిల్లులుపడేలా వాయించాడు, శక్తి బృందంతో నేల మీద కూర్చుని అకూస్టిక్ గిటార్ వాయించాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌తో చేరిన రిమెంబర్ శక్తి (శక్తి బృందం తర్వాతి రూపం) కూడా మెత్తటి కోవదే. మీరు వెళ్తున్నది ఏ రకమో ముందు తెలుసుకుంటే ఏ జాక్ వాడాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

32 బిట్ ఫ్లోట్ రికార్డరు ఉంటే ఇవేవీ ఉండవనుకోకండి. అది రికార్డరు లోపల జరిగే తెగుడును ఆపుతుంది, మైకులోనే తెగిన శబ్దాన్ని అతికించలేదు.

హాల్లో చోటు

మొదటి వరస టికెట్ దొరికిందని సంబరపడకండి. మన హాళ్ళలో ముందు వరసకు డ్రమ్స్, గిటార్ యాంప్ స్టేజీ మీంచి నేరుగా వచ్చి కొడతాయి. కీబోర్డు, మాటలు పక్కనున్న పెద్ద స్పీకర్లలోంచే వస్తాయి, అవి మీ తల మీదుగా వెనక్కి పోతాయి. రికార్డింగ్‌లో డ్రమ్ముల పక్కనుండే సింబల్స్ (ఇత్తడి పళ్ళాలు) తప్ప కీబోర్డు ఉండదు. హాలు పొడవులో మూడో వంతు నుంచి సగం వరకు వెనక్కి వెళ్ళండి. సౌండ్ బల్ల ఎక్కడ పెట్టారో చూడండి, దాని ముందు రెండు మూడు వరసలు సాధారణంగా మంచివి. సౌండ్ ఇంజనీర్ సరిచేసేది తనకు వినిపించే దాన్నే కదా.

సరిగ్గా నడిమధ్య మాత్రం వద్దు. ఎడమ, కుడి సబ్‌వూఫర్లు (బేస్ కోసం పెట్టే స్పీకర్లు) రెండూ ఆ గీత మీద ఒకేసారి చేరి బేస్‌ను కుప్పపోస్తాయి. ఒకటి రెండు కుర్చీలు పక్కకు జరిగితే ఉపశమనం. బాల్కనీ కింద కూర్చుంటే సింబల్స్ మొద్దుబారి, బేస్ ఉబ్బుతుంది. వెనక గోడకు కనీసం మూడు మీటర్ల దూరం ఉంచండి. పిఠాపురం కాలనీలో కళాభారతి అయినా, సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా అయినా, హాల్లోకి వెళ్ళగానే కుర్చీ కంటే ముందు పైకి చూడండి. ఏసీ గాలి ఎక్కడ దిగుతోంది, ఫ్యాన్ ఎక్కడ తిరుగుతోంది? ఆ గాలి మైకు మీద పడిందంటే రెండు గంటలపాటు బుడబుడమంటూనే ఉంటుంది. నడవా పక్క కుర్చీలో కూర్చుంటే లోపలికి, బయటికి తిరిగేవాళ్ళ చెప్పుల చప్పుడు ఉచితం.

హాలు ప్రతిధ్వనిస్తుందనిపిస్తే కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువ తీసుకునే) మైకులు వాడండి, వెనక శబ్దాన్ని అవి తక్కువ తీసుకుంటాయి. స్టాండు పెట్టడానికి అనుమతి ఉంటే మైకులు 17 సెంటీమీటర్ల ఎడంలో, మధ్య 110 డిగ్రీల కోణంలో ఉంచండి. ఇది ఫ్రెంచి రేడియో వాళ్ళ పాత పద్ధతి, ఇప్పటికీ తిరుగులేదు. ఎత్తు రెండున్నర మీటర్లు ఉంటే ముందువాళ్ళ తలలు అడ్డురావు. స్టాండు కాళ్ళ మీద ఇసుక సంచి వేయండి, వెనక కూర్చున్నవాళ్ళకు అడ్డంగా ఉందేమో అడగండి.

ఒంటికి తగిలించుకునేవాళ్ళు మైకులను రెండు భుజాల మీద, చెవులకు కింద, బట్ట రాపిడి తగలని చోట పెట్టుకోవాలి. గంజి పెట్టిన చొక్కా వేసుకోకండి. ఊపిరి తీసినప్పుడల్లా కరకరలాడుతుంది. టోపీకి పెట్టుకుంటే శబ్దం శుభ్రంగా వస్తుంది గానీ, మీరు తల తిప్పినప్పుడల్లా డ్రమ్స్ ఎడమ నుంచి కుడికి పరుగెడతాయి.

సముద్రం ఒడ్డున అయితే

ఆర్కే బీచ్‌లోనో, బీచ్ రోడ్డు మీది పార్కుల్లోనో ఆరుబయట కచేరీ అయితే లెక్కలన్నీ మారతాయి. గోడలు లేవు కాబట్టి ప్రతిధ్వని లేదు. శత్రువు గాలి. కార్డియాయిడ్ మైకులకు గాలి పడదు, ఓమ్నీ (అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకునే) మైకులు దాన్ని చాలా మేరకు ఓర్చుకుంటాయి. అందుకని హాల్లో కార్డియాయిడ్, ఒడ్డున ఓమ్నీ. మైకుతో వచ్చే నల్ల స్పాంజి టోపీ ఏసీ గాలికి సరిపోతుంది, సముద్రపు గాలికి కాదు. దాని మీద పొడవాటి బొచ్చున్న తొడుగు ఉండాల్సిందే. అది లేకుండా ఒడ్డున రికార్డు చేస్తే, సాఫ్ట్‌వేర్‌తో గాలిని తీసేస్తుంటే బేస్ కూడా దాంతోపాటే పోతుంది.

ఉక్క ఇంకో తలనొప్పి. ఏసీ కారులోంచో, ఏసీ గదిలోంచో చల్లబడ్డ మైకులను నేరుగా ఒడ్డు గాలిలోకి తీస్తే లోపల తేమ పడుతుంది. కండెన్సర్ మైకు తేమకు చిటపటలాడుతుంది, పోపులో ఆవాలు పేలినట్టే ఉంటుంది ఆ చప్పుడు. జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టి, కవర్ తెరవకుండానే అరగంట బయట ఉంచండి. సామాను బయటి వేడికి వచ్చాక తీయండి. ఇంటికొచ్చాక జాక్‌లను పొడి గుడ్డతో తుడవాలి. ఉప్పు గాలికి ఇత్తడి, రాగి త్వరగా చిలుం పడతాయి, తర్వాతి కచేరీలో ఒక పక్క శబ్దం పోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

పెద్ద మైదానంలో సగం దూరంలో అదనపు స్పీకర్ల స్తంభాలు పెడతారు. శబ్దం 35 మీటర్లు పోవడానికి సుమారు సెకనులో పదో వంతు పడుతుంది. ఆ మేరకు అదనపు స్పీకర్ల శబ్దాన్ని ఆలస్యం చేయకపోతే, రెండు స్పీకర్ల మధ్య నిలబడ్డవాళ్ళకు ప్రతి డ్రమ్ దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. ముందు స్పీకర్ల పరిధిలోనే ఉండండి. మురీ మిక్చర్ బండికి దూరంగా కూడా. గిన్నెలో గరిట తిప్పే చప్పుడు మైకుకు తబలా కంటే బాగా నచ్చుతుంది!

లెవెల్

ఆటో లెవెల్, లిమిటర్ (గట్టి శబ్దాన్ని తనంతట తానే అణిచేది), లో కట్ (కింది స్వరాలను కోసేది) మూడూ ఆపేయండి. అయిదు తీగల బేస్ గిటార్ అడుగు స్వరం 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. 80 దగ్గర లో కట్ పెట్టారంటే బేస్ వాయించినాయన పాతాళంలో కలిసినట్టే. అవసరమైతే తర్వాత ఇంట్లో తీయొచ్చు.

కచేరీకి ముందు హాల్లో వేసే పాటలు -24 డీబీ దగ్గర పలికేలా చక్రం పెట్టండి. బృందం అంతకంటే బాగా గట్టిగా వస్తుంది. మొదటి పాటలో అత్యధిక శిఖరం -12 దగ్గర ఉండాలి. -6 దాటితే ఒక్కసారి తగ్గించి ఇక ముట్టుకోకండి. ఫ్యూజన్ బృందాలు రెండో సగంలో వేడెక్కుతాయి, సౌండ్ ఇంజనీరూ ఫేడర్లు మెల్లగా పైకి తోస్తుంటాడు. అందుకే ఆ ఖాళీ. లెవెల్ తక్కువైందని కంగారు అక్కర్లేదు. 24 బిట్‌లో -20 దగ్గర రికార్డయినా ఇంట్లో పెంచుకోవచ్చు, హాల్లో ఫ్యాన్ల మోత రికార్డరు మోత కంటే ఎప్పుడూ ఎక్కువే. పైకి దాటి తెగిపోయినదాన్ని మాత్రం ఎవరూ తేలేరు.

మీటలు లాక్ చేయడానికి ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని వేసేయండి. జేబులో నొక్కుకుని ఆగిపోయిన రికార్డింగులు లెక్కలేనన్ని. వేసేముందు స్క్రీన్ మీద సెకన్లు నిజంగా పరుగెడుతున్నాయో లేదో చూడండి. కొన్ని రికార్డర్లలో మొదటి నొక్కుడు సిద్ధం కావడానికి మాత్రమే, రెండో నొక్కుడుతో గానీ రికార్డింగ్ మొదలవదు.

సౌండ్ ఇంజనీర్ దగ్గర నుంచి ఒక లైన్ (బల్ల నుంచి నేరుగా శబ్దం ఇచ్చే వైరు) అడగొచ్చా? అడగొచ్చు, రికార్డింగ్ మొదలయ్యే అరగంట ముందు కాకుండా సౌండ్ చెక్ అయ్యాక ఆయన టీ తాగుతున్నప్పుడు అడగండి. "సార్, మీకు వీలుంటే" అని అడిగితే చాలామంది ఇస్తారు. ఇచ్చినా దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. చిన్న హాల్లో గిటార్ యాంప్, డ్రమ్స్ ఎలాగూ వినిపిస్తాయి కాబట్టి బల్లలో వాటిని తక్కువే పెడతారు. ఆ లైన్‌లో కీబోర్డు, మాటలే మిగులుతాయి. జనంలోని మైకుల రికార్డింగ్‌కు దాన్ని కొద్దిగా కలిపితే అందం. కలిపేటప్పుడు మీ మైకులు స్పీకర్లకు పది మీటర్ల దూరంలో ఉంటే బల్ల లైన్‌ను సుమారు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరపాలి. రెండు రికార్డర్ల గడియారాలు ఒకటి కావు కాబట్టి గంట గడిచేసరికి మళ్ళీ తేడా వస్తుంది. పాట పాటకూ విడిగా సర్దుకోండి.

నడుస్తుండగా

చప్పట్లు కొట్టకండి. మీ చేతులు మైకుకు రెండడుగుల దూరంలో ఉన్నాయి, అంతకంటే గట్టి శబ్దం ఆ హాల్లో ఇంకేదీ ఉండదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో, రికార్డరుకు దూరంగా. 2జీ సిగ్నల్ పట్టుకున్నప్పుడు వచ్చే డబడబ నేరుగా వైర్లలోకి దూరుతుంది. పక్కనున్నవాళ్ళు మాట్లాడుతుంటే విసుక్కోకుండా, రికార్డు అవుతోందని చెప్పండి, మానేస్తారు.

చిన్న కాగితం మీద సమయాలు రాసుకోండి. ఫ్యూజన్‌లో పాట పేరు చెప్పకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతారు. వాద్యకారుల పరిచయం తరచూ ఏదో సోలో మధ్యలో వస్తుంది. ఆ పేర్లే తర్వాత మీకు ఆధారం. విరామంలో బ్యాటరీ ఎంతుందో చూసి, సగానికి తగ్గితే అప్పుడే మార్చేయండి. ముందు రికార్డింగ్ ఆపి, ఫైలు సేవ్ అయ్యాక మార్చాలి. నడుస్తుండగా బ్యాటరీ లాగేస్తే మొదటి సగం మొత్తం పోవచ్చు.

ఇంటికొచ్చాక

కార్డులోని ఫైళ్ళను ముందు కాపీ చేయండి, వినడం తర్వాత. ఎడిటింగ్ ఎప్పుడూ కాపీ మీదే. చాలా రికార్డర్లు 2 జీబీ దగ్గర ఫైలును రెండుగా కోస్తాయి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని వెనక ఒకటి ఖాళీ లేకుండా అతికిస్తే ఆ కోత వినపడదు.

ఎక్కువ పని చేయకండి. 30 హెర్ట్జ్ కింద కోత, హాలు హోరు ఎక్కువగా ఉంటే 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డీబీలు తగ్గింపు. అంతే. కంప్రెసర్ (హెచ్చుతగ్గులను కుదించేది) వేస్తే ఫోను రికార్డింగ్‌లాగే తయారవుతుంది. పక్కవాళ్ళ చప్పట్లు చెవిలో పేలుతుంటే ఆ చోట్లు మాత్రం ఎంచుకుని ఆరు డీబీలు దించండి. చివరగా మొత్తం కచేరీని ఒకేసారి -1 డీబీకి పెంచండి. పాట పాటకూ విడిగా పెంచితే మెత్తటి పాట, గట్టి పాట ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి.

ట్రాకులు కోసేటప్పుడు గీత మొదటి స్వరానికి కాస్త ముందు పెట్టండి. మాటలు, చప్పట్లు ముందు పాట చివరనే ఉంచండి. అప్పుడు ఏ పాటైనా నేరుగా ఎత్తుకుంటుంది. డ్రమ్ సోలోను విడి ట్రాకు చేసేవాళ్ళున్నారు. అది వచ్చిన పాటలోంచి విడదీస్తే దానికి అర్థం ఉండదని మా అభిప్రాయం. ఎఫ్ఎల్ఏసీలో సేవ్ చేయండి, నాణ్యత పోకుండా సైజు బాగా తగ్గుతుంది.

ఫోల్డరులో చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి, ఇలా:

బృందం, తేదీ, ఊరు, వేదిక
మైకులు > బ్యాటరీ బాక్సు > రికార్డరు (లైన్ ఇన్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్) > ఆడాసిటీ > ఎఫ్ఎల్ఏసీ
చోటు: సౌండ్ బల్ల ముందు రెండో వరస, నడిమధ్య నుంచి రెండు కుర్చీలు కుడికి
ఎవరు ఏం వాయించారు, పాటల వరస, తెలియనివి "పేరు తెలియదు" అని
చేసిన మార్పులు: 30 హెర్ట్జ్ కోత, రెండు చోట్ల చప్పట్లు తగ్గింపు

పేర్లు ఊహించి రాయకండి, తప్పు పేరు ఒకసారి పాకిందంటే ఎన్నటికీ దిద్దలేం. బృందానికి ఎఫ్ఎల్ఏసీ కాపీ పంపి, పాటల పేర్లు వాళ్ళనే సరిచూడమనండి. అవి వచ్చాక టెక్స్ట్ దిద్ది, అసలు వేవ్ ఫైళ్ళను రెండు వేర్వేరు డిస్కుల మీద పెట్టాకే కార్డును ఫార్మాట్ చేయండి.